గొంతు దగ్గరి వంపు

కుయ్‌వాస్ సరస్సు ఒడ్డు
1951 నవంబరు 12

ఒరే తౌనో,

నేను బతికే ఉన్నాను. ఆవూ బతికే ఉంది. మిగతా సంగతులన్నీ కోపం తెప్పించేవే కాబట్టి వరసగా చెబుతాను, కూర్చుని చదువు.

రాస్తున్నది ఫబియన్. చర్చిలో గంటలు కొట్టడం మానేశాక ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి, నా నోరు ఎప్పుడూ ఖాళీగా లేదు. చెప్పింది చెప్పినట్టు రాయాలని ముందే ఒట్టు వేయించుకున్నాను. (వేశాను. కాఫీ ఇచ్చే ముందు వేయించుకుంది. — ఫబియన్)

మొన్న ఆదివారం దారి సంఘం కూర్చుంది. సరస్సు గడ్డకట్టాక గడ్డ మీది దారికి గుర్తుగా ఎవరి ముక్కలో ఎవరు కొమ్మలు పాతాలో తేల్చారు. మన ముక్క, పడవల పాక నుంచి, సరస్సు సన్నబడే గొంతు దాటి బల్లపరుపు బండ దాకా, ఈ చలికాలానికి హెర్మన్‌కి ఇచ్చారు. నన్ను ఒక్క మాట అడగలేదు. మీ తాత నన్ను ఈ ఇంటికి తెచ్చిన ఏడాది నుంచి యాభై ఒక్క చలికాలాలు ఆ కొమ్మలు నేను పాతాను. ఒక్క గుర్రం కాలు కూడా తడవలేదు.

నా వాదన ఇది. దారి సంఘం పుస్తకం రాసేదీ ఈ ఫబియనే కాబట్టి చెవులు రిక్కించి రాస్తాడు.

గొంతు దగ్గర నీళ్ళు గడ్డ కింద నిద్రపోవు, పారుతూనే ఉంటాయి. అందుకని అక్కడ దారి తిన్నగా పోదు, విల్లులా వంగి ఒడ్డు పక్కనుంచి పోతుంది. పోయిన డిసెంబరులో నువ్వు గునపంతో గడ్డకి కన్నాలు పెట్టావు, నేను దేవదారు కొమ్మలు పాతాను. వంపు పొడుగునా ఇరవై మూడు. ఒక్కోదాని మొదట్లో మన ఇంటి గుర్తు, కాకికాలు, కత్తితో చెక్కాను. ఏప్రిల్‌లో గడ్డ విరిగి మునిగిన మన ఎస్కో కోసం వెతకబోయిన వాళ్ళకి ఆ ఇరవై మూడూ గొంతు మీదుగా తిన్నగా నిలబడి కనిపించాయి. మన కాకికాలు వేసుకుని.

చలి ముదిరాక ముసలిది వంపు తీసేసి దారి దగ్గర చేసిందనీ, ఎండలొచ్చాక వెనక్కి మార్చడం మర్చిపోయిందనీ అంటున్నారు. నా మనవణ్ణి నేనే మింగేశానని ఎవరూ అనరు. నేను కొట్లోకి అడుగు పెట్టగానే గొంతులు తగ్గిస్తారు, అంతే. ఆ తగ్గించడం నాకు వినిపిస్తుంది.

ఫిబ్రవరి అంతా నేను మోకాలు వాచి మంచంలో ఉన్నాను. నీళ్ళు మోసింది నువ్వు, పాలు పితికింది ఎస్కో. నేను సరస్సు మీద కాలు పెట్టలేదు. ఇది తెలిసినవాడు భూమ్మీద నువ్వొక్కడివే మిగిలావు. అంత్యక్రియలప్పుడు నీకు నోరు పెగల్లేదు, నేనూ అడగలేదు. ఆ తరవాత దుంగలు కొలిచే పనికని పోయావు. ఇప్పుడు అడుగుతున్నాను. వంపు మీద పాతడం నువ్వు చూశావనీ, నేను వాటిని మళ్ళీ ముట్టుకోలేదనీ రాసి పంపు. మార్చిలో సంఘం మళ్ళీ కూర్చుంటుంది. ఫబియన్ అందరి ముందూ చదువుతాడు.

పరుగు మానలేదు కదా? వచ్చే వేసవి ఒలింపిక్స్ కోసం హెల్సింకిలో ప్రపంచమంతా వచ్చి పరిగెడుతుందట. మన క్లబ్బు వాళ్ళు నీ పేరే చెప్పుకుంటున్నారు. ఆ ఒక్క మాటకి మాత్రం కొట్లో ఎవరూ గొంతు తగ్గించరు.

మేజోళ్ళు పంపుతున్నాను. మడమ దగ్గర రెండు పోగులు వేసి అల్లాను.

నీ నాన్నమ్మ లొవీసా
(కాకికాలు గుర్తు తనే గీసింది)


సల్లా అడవి, దుంగల శిబిరం
1951 డిసెంబరు 2

నాన్నమ్మా,

మేజోళ్ళు చేరాయి. బూట్ల లోపల ఒక జత, బూట్ల పైన ఒక జత వేసుకుంటున్నాను. పైన ఉన్ని ఉంటే గడ్డ మీద కాలు జారదు. ఇక్కడ వంట చేసే హెల్లీ అక్క నా కాళ్ళు చూసి, "ఎలుగుబంటికి పెళ్ళి కుదిరిందా?" అంది.

ఇప్పుడు పగలంటే మధ్యాహ్నం పూట రెండు గంటలపాటు ఉండే నీలం వెలుగే. అన్నాల వేళ అందరూ సూప్ దగ్గర కూర్చుంటే నేను దుంగల బండ్లు చేసిన గాడిలో దిగి పరిగెడతాను. గాడి ఒక అడుగు వెడల్పు. ఒక కాలి ముందు ఒక కాలు, నక్క నడిచినట్టు వెయ్యాలి. మొదటి మైలు ఛాతీలో గాజుపెంకులు ఉన్నట్టుంటుంది. రెండో మైలుకి ఒళ్ళు వేడెక్కుతుంది. మూడో మైలుకి కనురెప్పలు అంటుకుంటాయి, వేళ్ళతో విడదీసుకుంటూ పోవాలి. తిరిగొచ్చేసరికి మెడకి చుట్టుకున్న గుడ్డ చెక్కలా బిగుసుకుపోయి ఉంటుంది, గోడకి నిలబెడితే నిలబడుతుంది.

"ఎవరి పెళ్ళాంతో లేచిపోతున్నావయ్యా," అంటాడు మా బండ్ల మేస్త్రీ, "రోజూ ఒక్కడివే తిరిగొచ్చేస్తావు!"

మిగిలిన సూప్ హెల్లీ అక్క పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచుతుంది. తిట్టుకుంటూ ఉంచుతుంది, అచ్చం నీలాగే.

వారానికి అరవై మైళ్ళు తగ్గనివ్వడం లేదు. పని ఎక్కడికి తీసుకుపోతే అక్కడే పరుగు. వచ్చే నెల నదికి అవతల, స్వీడన్ వైపు పంపుతారట.

కొమ్మల సంగతి. నువ్వు వంపు మీదే పాతావు, నాకు తెలుసు. అందరికీ తెలుసు నాన్నమ్మా. మార్చి చివర్లో పెద్ద గాలులు వీచాయి కదా. గాలికి ఊడిపోయి ఉంటాయి. ఎవరో మంచివాడు చూసి, నిలబెడదామని ఎక్కడో ఒకచోట గుచ్చి ఉంటాడు. ఎవరినీ అనుకోవడానికి లేదు. దీన్ని పట్టుకుని మనసు పాడుచేసుకోకు. కాగితం రాస్తాను, ఇక్కడ పని కాస్త తగ్గాక రాస్తాను.

ఫబియన్ గారూ, మీ నడుము నొప్పి ఎలా ఉంది? ఉత్తరాలు చదివిపెడుతున్నందుకు మీకు రుణపడి ఉన్నాను.

తౌనో


కుయ్‌వాస్
1951 డిసెంబరు 27

ఒరే తౌనో,

గాలా?

ఫబియన్ ఆ ముక్క రెండుసార్లు చదివాడు, నా చెవులు పాడయ్యాయేమోనని. గాలి చేతిలో గునపం ఉంటుందా? గాలి ఇరవై మూడు కన్నాలు పెడుతుందా? గుండె పగిలినవాడు ఏదైనా అంటాడని ఊరుకుంటున్నాను, లేకపోతే ఆ మేజోళ్ళు వెనక్కి అడిగేదాన్ని.

నేను నీలా ఊరికే అనుకోను, అడిగి తెలుసుకుంటాను. ఎస్కోని వెతికిన వాళ్ళలో నలుగురి ఇళ్ళకి వెళ్ళాను. నలుగురూ ఒకటే మాట చెప్పారు. కొమ్మలు తాడు పట్టి పాతినట్టు తిన్నగా ఉన్నాయట. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఎడం అన్నిచోట్లా ఒకటేనట. కొలిచి పాతినట్టు! దారికి కొమ్మలు పాతేవాళ్ళు ఎవరైనా కొలుస్తారా? కంటికి ఆనినంత దూరంలో గుచ్చుకుంటూ పోతారు.

ఇక్కడ కొలతలు తెలిసిన చెయ్యి ఎవరిది? హెర్మన్‌ది. భూములు పంచినప్పుడు సర్కారు వాళ్ళ గొలుసు పట్టుకుని రెండేళ్ళు తిరిగాడు. మన ముక్క అయిపోయిన చోటే వాడి ముక్క మొదలు. వంపు తీసేస్తే వాడి గుర్రానికి దూరం తగ్గుతుంది, తప్పు మన కాకికాలు మీదకి పోతుంది. ఇప్పుడు చూడు, మన ముక్కే వాడి చేతికి వచ్చింది. దీన్ని గాలి అంటావా?

(హెర్మన్ అలాంటివాడు కాదని నా అభిప్రాయం. అది కూడా రాస్తానన్నాను. రాసుకో, నీ అభిప్రాయానికి కాగితంలో చోటుంది అంది. — ఫబియన్)

కొట్లో ఒకావిడ అడిగింది, "తౌనో ఏమైనా మార్చాడేమో కనుక్కున్నావా లొవీసా?" అని. నా మనవడు కొమ్మ మీద చెయ్యి వెయ్యాలంటే ముందు నా మొహం చూస్తాడు అని చెప్పి, ఉప్పు తీసుకుని వచ్చేశాను. మీ అమ్మ దగ్గుతో పోయినప్పుడు నీకు ఆరేళ్ళు, మీ నాన్న యుద్ధంలో పోయినప్పుడు పన్నెండు. నిన్నూ ఎస్కోనీ ఈ చేతులతో పెంచాను. ఏ వేలు ఏం చేస్తుందో నాకు తెలీదా?

పండగరోజు మధ్యాహ్నం సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించాం. ఎస్కోది గాలికి నాలుగుసార్లు ఆరింది. నాలుగుసార్లూ వెలిగించాను. వాడికెప్పుడూ తొందరే. ఆ రోజు కూడా అంతే కదా. నీ పందెం ఏమైందో టెలిఫోన్‌లో కనుక్కుంటానని, జారుడుబండి వేసుకుని సరస్సు దాటి చర్చి ఊరికి పోయాడు. అక్కడి కొట్టువాడు చెప్పాడు, నువ్వు గెలిచావని వినగానే బల్ల మీద గుద్ది, "నాన్నమ్మకి నేనే చెప్పాలి, ఎవరూ ముందే కబురు పంపకండి" అన్నాడట. మంచు కురుస్తోందిరా ఆగు అన్నా వినలేదట. నువ్వు గెలిచిన కబురు నోట్లో పెట్టుకుని పోయాడు వాడు. నాకది మర్నాడు ఎవరో చెప్పారు.

కాగితం పంపు. కొలిచి పాతిన సంగతి కూడా అందులో రాయి.

నీ నాన్నమ్మ
(గుర్తు)


టోర్నె నది, స్వీడన్ ఒడ్డు
1952 జనవరి 16

నాన్నమ్మా,

రైలు మధ్యలో ఒక స్టేషన్‌లో ఇంజనుకి నీళ్ళు పట్టడానికి నలభై నిమిషాలు ఆగింది. దిగి ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ పరిగెత్తాను. నూట నలభై అడుగులు, తిరగడం, నూట నలభై అడుగులు. కిటికీలన్నిట్లో మొహాలే. ఒక ముసలాయన అద్దం దించి, "బాబూ, రైలు నిన్ను వదిలి పోదులే, ఎక్కు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చాలా రోజులైంది నవ్వి.

ఇక్కడ నది గడ్డ మీద పరిగెడుతున్నాను. నది మధ్యలోనే సరిహద్దు. మన వైపు కాపలావాడికి నేను అలవాటైపోయాను. "ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ వేస్తున్నావు, ఏదో ఒక దేశం తేల్చుకో," అని అరుస్తాడు. మొన్న చలి సున్నాకి కింద ముప్పయ్యారు డిగ్రీల దాకా దిగింది. అంత చలిలో బయట పరిగెడితే ఊపిరితిత్తులు చిరుగుతాయని నేనుండే ఇంటి పెద్దాయన తలుపుకి అడ్డం నిలబడ్డాడు. సరేనని ఆయన గడ్డి కొట్టంలో పరిగెత్తాను. ఖాళీగా ఉన్న సగంలో మూడు వందల పది చుట్లు. గొర్రెలు మొదట బెదిరాయి, తరవాత నా వైపు చూడ్డం మానేశాయి.

జూన్‌లో ఎంపిక పందెం, పదివేల మీటర్లు. క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. ఇప్పటి వేగం ఉంటే హెల్సింకి ఖాయమంటున్నారు.

ఒకటి చెబుతాను, ఎవరికీ చెప్పలేదు. తిన్నగా పోయే దారి కనిపిస్తే నా కాళ్ళు ఆగిపోతున్నాయి. మలుపులున్నచోట ఎంత దూరమైనా పోగలను. తిన్నటి దారి, రెండు పక్కలా కొమ్మలు, అది చూస్తే పక్కకి తిరిగిపోతున్నాను. ఇక్కడ నది మీద కూడా కొమ్మలు పాతారు. వాటికి దూరంగా, అడ్డంగా పరిగెడుతున్నాను.

హెర్మన్‌ని వదిలెయ్ నాన్నమ్మా. ఆయన చెయ్యలేదు. నాకెలా తెలుసు అని అడగకు. ఆయన అలాంటి మనిషి కాదు. సంఘంలో ఆయన పేరెత్తకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

చాలాసార్లు నీకు రాద్దామని కూర్చుంటాను. కాగితం చూడగానే ఫబియన్ గారు కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదవడం కనిపిస్తుంది. ఏమీ రాయలేను. ఆయన మంచివారే, ఆయన్ని ఏమీ అనడం లేదు.

తౌనో


కుయ్‌వాస్
1952 ఫిబ్రవరి 4

తౌనో,

ఇప్పుడర్థమైంది. హెర్మన్ కూతురు కేర్తుకీ నీకూ ఏదో ఉంది. వేసవి నాట్యాలకి దాన్నే తీసుకుపోయేవాడివి. పిల్ల బాగానే ఉంటుంది, కాదనను. దానికోసం తమ్ముడి చావు మింగేస్తావా? నాన్నమ్మ పేరు సరస్సు మీద పారేస్తావా? ఫబియన్ ముందు రాయడానికి సిగ్గుపడేది ఇదేనా?

(నేను ఊరంతా చెప్పుకునే మనిషిని కాదు తౌనో. — ఫబియన్)

హెర్మన్ రెండు వారాల కిందట మన గుమ్మంలోకి వచ్చాడు. నేను వాణ్ణి అంటున్నానని ఎవరో చెప్పారు. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమనలేదు.

"లొవీసా, నేనెందుకు తీస్తానే ఆ కొమ్మలు?" అన్నాడు.

"నీ గుర్రానికి దారి తగ్గడానికి," అన్నాను.

"మే నెలలో నీ పిల్లాణ్ణి నీళ్ళలోంచి ఎత్తుకొచ్చింది నేను. ఈ రెండు చేతులతో. జోళ్ళు ఊడిపోయాయి, తొడిగి మరీ తీసుకొచ్చాను, నువ్వు చూస్తావని."

"తలుపు వెయ్యి, వేడి పోతోంది," అన్నాను.

వేసి వెళ్ళిపోయాడు. ఆ తరవాత రెండు ఆదివారాలు చర్చికి రాలేదు. పాలడబ్బాలు కూడా కూతురు చేత పంపిస్తున్నాడు. కొట్లో ఇప్పుడు వాళ్ళు వస్తే గొంతులు తగ్గుతున్నాయి. చూశావా, నా బరువు కాస్త వాడి మీదకి పోయింది. ఇంకా పోవాలి.

మార్చి తొమ్మిదో తేదీ ఆదివారం సంఘం. పాస్టరు గారిని బైబిలు తెమ్మన్నాను. హెర్మన్ దాని మీద చెయ్యి పెట్టి, ఊరందరి ముందూ, కొమ్మలు ముట్టుకోలేదని చెప్పాలి. చెప్పలేడు. నీ కాగితం వచ్చినా రాకపోయినా ఇది జరుగుతుంది.

నాకు చదువు లేదని ఊళ్ళో తేలిగ్గా చూస్తారు. రాయడం రాదు నిజమే. చేతిరాత నాకు పురుగులు పాకినట్టే ఉంటుంది. కానీ పెళ్ళికి ముందు అందరిలాగే నేనూ పాస్టరు ముందు నిలబడి అచ్చు పుస్తకం చదివి, సరే అనిపించుకున్నాను. కీర్తనల పుస్తకంలో అక్షరం అక్షరం వేలు పెట్టి ఇప్పటికీ చదవగలను. నాకు తెలిసింది తక్కువే గానీ, తెలిసినంత మేరకి గట్టిగా తెలుసు.

నువ్వు నీ గడ్డి కొట్టంలో గిరగిరా తిరుగు.

లొవీసా
(ఈసారి గుర్తు గీయనంది. నేనే బతిమాలితే గీసింది. — ఫబియన్)


టోర్నె నది
1952 ఫిబ్రవరి 21

ఫబియన్ గారికి,

ఈ కవరులో ఇంకో కాగితం మడిచి, మైనం పెట్టి అతికించాను. అది నాన్నమ్మ చేతికివ్వండి. దాన్ని మీరు చదవాల్సిన పని లేదు. తను చదువుకోగలదు. తప్పుగా అనుకోవద్దు.

తౌనో

(లోపలి కాగితం. కీర్తనల పుస్తకంలో ఉన్నట్టే, ఒక్కో అక్షరం విడివిడిగా, లావుగా గీసింది.)

నాన్నమ్మా.
నువ్వే చదువు. పొయ్యి పక్కన కూర్చుని చదువు.
కొమ్మలు నేను మార్చాను.
ఫిబ్రవరిలో. నువ్వు మంచంలో ఉన్నప్పుడు.
పరుగుకి కొలిచిన తిన్నటి దారి కావాలి. వంపుతో కొలత కుదరలేదు. చలి ముదిరి ఉంది. గడ్డ గునపం పొడుగంత మందం ఉంది. గొంతు మీద కూడా. చూసే పాతాను.
వంద అడుగులకి ఒక కొమ్మ.
ఎస్కో తాడు పట్టాడు. నీకు చెప్పొద్దన్నాను. చెప్పలేదు.
ఏప్రిల్‌లో పందానికి పోతూ, కొమ్మలు వెనక్కి పెట్టేశానని ఎస్కోకి చెప్పాను.
పెట్టలేదు. రైలుకి టైమైంది. వచ్చాక పెడదామనుకున్నాను.
మంచులో వాడు నా మాట నమ్మి కొమ్మల వెంటే వచ్చాడు.
హెర్మన్ ఏమీ చెయ్యలేదు. కేర్తు సంగతి ఏమీ లేదు.
పరుగు మానేస్తే వాడు ఊరికే పోయినట్టు. పరిగెడితే వాడి మీద నుంచి పరిగెడుతున్నట్టు.
నన్ను ఏం చెయ్యమంటావు.
క్షమిస్తావా.
(కాకికాలు గుర్తు)


కుయ్‌వాస్
1952 మార్చి 11

తౌనో,

కాగితం అందింది. చదివాను. మూడు రోజులు పట్టింది. పక్కన కీర్తనల పుస్తకం పెట్టుకుని, ఒక్కో అక్షరం దానితో పోల్చుకుంటూ చదివాను. అలా గీయడానికి నీకెంతసేపు పట్టి ఉంటుందో నాకు తెలుసు. ఫబియన్ చదివిపెడతానన్నాడు, ఏప్రన్ జేబులో దాచుకున్నాను. ఇప్పుడది లేదు. పొయ్యిలో వేశాను. వేసే ముందు ఇంకోసారి చదివాను.

ఎనిమిదో తేదీ రొట్టె చేసి హెర్మన్ ఇంటికి పట్టుకెళ్ళాను. వాడు కొట్టంలో ఉన్నాడు. గుర్రానికి మాలీషు చేస్తూనే ఉన్నాడు. చివరికి రొట్టె విప్పి చూశాడు.

"మాడింది," అన్నాడు.

"తిను," అన్నాను.

"రేపు బైబిలు తెస్తున్నారట కదా నాకోసం?"

"నీకోసం కాదు. నాకోసం."

కత్తి తీసి రెండు ముక్కలు కోశాడు. కొట్టంలో నిలబడే తిన్నాం. జోళ్ళు తొడిగినందుకు వాడికి చెప్పాల్సిన మాట ఏడాది ఆలస్యంగా చెప్పాను. వాడు గుర్రం మెడ వెనక్కి తిరిగిపోయాడు.

ఆదివారం సంఘంలో ఊరంతా ఉంది. కొందరు నిలబడే ఉన్నారు. హెర్మన్ పేరు పిలవకముందే లేచి బైబిలు దగ్గరికి నేనే వెళ్ళాను. చెయ్యి పెట్టాను. ఏమన్నానో ఫబియన్ సంఘం పుస్తకంలో రాశాడు, అక్కడ రాసినట్టే ఇక్కడా రాయమంటున్నాను: "కొమ్మలు మా ఇంటివి. గుర్తు మా ఇంటిది. వంపు తీసింది మా ఇల్లే. హెర్మన్ ముట్టుకోలేదు. నేను వాడి మీద వేసింది అబద్ధం."

అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బైబిలు మీద చెయ్యి పెట్టి అబద్ధమాడే వయసు కాదు నాది. మా ఇల్లే అన్నాను. ఇంట్లో ఎవరు అని ఎవరూ అడగలేదు. ముసలిదాని మొహం చూసి, తమకి తెలుసనుకున్నారు.

ఆ ముక్క ఇక హెర్మన్ వాళ్ళదే, ఎప్పటికీ. మన ఇంటికి కొమ్మలు పాతే పని లేదు. ముక్క వదులుకున్నట్టు రాసిన కాగితం కింద కాకికాలు గీయమన్నారు, గీశాను. ఒక గీత వంకర పోయింది. ఫబియన్ పోలేదంటాడు. పోయింది.

ఇవాళ కొట్టుకి వెళ్ళాను. గొంతులు తగ్గించారు. ఇకముందు కూడా తగ్గిస్తారు. తగ్గించుకోనీ.

నువ్వు చివర్లో అడిగినదానికి జవాబు, తెలీదు. డెబ్బై నాలుగేళ్ళు వచ్చాయి, ఇది మాత్రం తెలీడం లేదు. పొద్దున ఒకలా ఉంటుంది, పాలు పితికేసరికి ఇంకోలా ఉంటుంది. నీ మీద నాకున్న కోపం ఈ ఇంట్లో పట్టదు. తెలిసిన రోజున నీ మొహం చూసి చెబుతాను. చెప్పాలంటే నువ్వు ఇక్కడ ఉండాలి. ఉత్తరంలో చెప్పించే మాట కాదది.

ఏం చెయ్యమంటావన్నావు. అది తెలుసు. పరిగెత్తు. వాడు బల్ల గుద్దింది నువ్వు గెలిచినందుకు, ఓడినందుకు కాదు. జూన్ దాకా పరిగెత్తు, హెల్సింకి దొరికితే అక్కడా పరిగెత్తు. గెలిస్తే చర్చి ఊరి కొట్టుకి ఫోన్ చెయ్యకు. నువ్వే వచ్చి నాకు చెప్పు. ఆ కబురు ఈ ఇంటికి ఇంకా చేరలేదు.

(తౌనో, ఆ కాగితంలో ఏముందో నాకు తెలీదు. ముప్పయ్యేళ్ళు గంటలు కొట్టాను, పోయింది ఎవరో అడగకుండా ఒక్కసారీ తాడు లాగలేదు. ఇదొక్కటి అడగలేదు. అడగను. — ఫబియన్)

అయిపోలేదు, ఇంకొకటి రాయి ఫబియన్.

నిన్న మధ్యాహ్నం కర్ర పట్టుకుని సరస్సు మీదకి పోయాను. ఏడాది తరవాత ఇదే. హెర్మన్ బాగానే పాతాడు, మునపటి వంపు మీదే. ముందు గొంతు ఇవతల నుంచి అవతలకి కళ్ళతో తిన్నగా చూశాను. తరవాత వంపు చుట్టూ నడిచాను. అడుగులు లెక్కపెడుతూ నడిచాను, కాసేపు నిలబడ్డాను, మళ్ళీ నడిచాను. ఎంత తేడా వస్తుందో హెర్మన్‌ని అడిగాను, వాడికి కొలతలు తెలుసు కదా. ఇద్దరం కలిసి చూశాం.

వంపులో పోతే నా అడుగులు నాలుగు వందల పన్నెండు ఎక్కువ. నీ అడుగు పెద్దది, నీకు ఇంకా తక్కువే అవుతాయి.

అంతేరా.

పందెం దాకా ఆగకు, ముందొకసారి ఆ దారినే రా. గడ్డ ఏప్రిల్ మొదటి వారం దాకా ఆగుతుందంటున్నారు. అవతలి ఒడ్డున బస్సు దిగి పరిగెత్తుకుంటూ రా, కిటికీ దగ్గర కూర్చుని ఉంటాను. వంపు దగ్గర నువ్వు తిరగడం చూడాలి నేను.

లొవీసా
(కాకికాలు. తనే గీసింది.)